"ఓపెన్ డిగ్రీయేనా?"

మన ఇళ్ళలో ఆదివారం భోజనాల దగ్గర దేశంలో పిల్లల చదువుల ప్రస్తావన రాకుండా విస్తరి పెరుగన్నం దాకా పోదు. ఎవరి మేనల్లుడికి ఏ ర్యాంకు వచ్చింది, ఎవరి తమ్ముడి కూతురికి ఏ కాలేజీలో సీటు దొరికింది, డొనేషను ఎంత కట్టారు, అన్నీ దొర్లుతాయి. ఆ వరసలో ఎవరైనా "మా పిన్ని కూతురు ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. చదువుతోంది" అన్నారనుకోండి, ఒక్క క్షణం మాట ఆగుతుంది. తరవాత ఎవరో ఒకరు "ఓహో, ఓపెన్ డిగ్రీయేనా?" అని అప్పడాల పళ్ళెం అందుకుంటారు. ఆ 'యేనా' అన్న దీర్ఘంలో ఎంత చులకన ఉందో, దాని సంగతే ఈ నెల మేము రాయదలచుకున్నది.

మన క్వేకర్స్ హిల్ కుటుంబాల్లో ఎక్కువమంది ఇంజనీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు, కంప్యూటరు ఉద్యోగులు. ఎంట్రన్సు రాసి, హాస్టల్లో నీళ్ళ సాంబారు తాగి, అటెండెన్సు కోసం పరుగెత్తి పైకొచ్చినవాళ్ళం. 'సీటు' అనే మాట మన బుర్రలో అచ్చంగా కుర్చీలాగే ఉండిపోయింది. కుర్చీ ఒక్కటైతే అందులో కూర్చునేది ఒక్కరే, తక్కినవాళ్ళు బయటే. చదువంటే పదిమందిని తోసి లోపలికి వెళ్ళడం అని నేర్చుకున్నవాళ్ళకి, తలుపే లేని కాలేజీ అంటే అనుమానంగా ఉండడంలో వింత లేదు. ఏ తలుపూ తొయ్యకుండా వచ్చింది చదువెలా అవుతుందని మనకు లోపల్లోపల ఒక గుంజాటన.

కాని మన పెద్దలకు ఈ పద్ధతి కొత్తది కాదు. వాళ్ళ కాలంలో 'ప్రైవేటుగా కట్టడం' అని ఒకటుండేది. ఊళ్ళో బడిపంతులుగారు పగలు పిల్లలకు ఎక్కాలు చెప్పి, రాత్రి లాంతరు ముందు కూర్చుని తన పరీక్షకు తాను చదువుకునేవారు. మెట్రిక్ కట్టి, ఇంటరు కట్టి, తప్పితే మళ్ళీ కట్టి, నలభయ్యో ఏట బి.ఏ. అయ్యేవారు. ఆయన్ని చూసి ఎవరూ "ప్రైవేటేనా" అనలేదు. పైగా ఊరంతా గౌరవించేది. అయితే ఆ పద్ధతిలో ఒక అన్యాయం ఉంది. విశ్వవిద్యాలయం ఆయనకు పరీక్ష పెట్టేదే గాని పాఠం చెప్పేది కాదు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, సిలబసులో ఏముందో అన్నీ ఆయన తిప్పలే. ఏకలవ్యుడికి కనీసం బొమ్మయినా ఉంది, ఈయనకు అదీ లేదు.

పాఠం కూడా పంపుదామన్న ఆలోచన మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంతో మొదలైంది. పోస్టులో పాఠాలు పంపి డిగ్రీ పరీక్షకు తయారుచేసే పద్ధతి అది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోను, ఉస్మానియా 1977లోను కరస్పాండెన్సు కోర్సులు పెట్టాయి. దాంతో పోస్టుమాను చేతిలో కాలేజీ వచ్చినట్టయింది. ఇది మేలే. అయితే ఇవి పెద్ద విశ్వవిద్యాలయాలకు వరండాలో వేసిన చాపల్లాంటివి. లోపలి వాళ్ళకు రాసిన పాఠాన్నే బయటి వాళ్ళకూ పంపేవారు. చేరాలంటే ఇంటరు పాసై ఉండాలి. ఇంటరు దాకా రానివాడికి ఆ చాప మీదా చోటు లేదు.

అసలు మలుపు 1982లో వచ్చింది. ఆ ఏడు ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. భారతదేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరిట జాతీయ ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది మూడేళ్ళ తరవాత, 1985లో. మన రాష్ట్రం దేశానికి దారి చూపిన సందర్భాలను వేళ్ళ మీద లెక్కపెట్టే మనవాళ్ళు ఈ వేలు మడవడం మరచిపోతారెందుకో! 1991లో, అంబేద్కర్ శతజయంతి తరుణంలో, దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పేరు మార్చారు. చదువు గేటు బయట నిలబెట్టిన జనం కోసం పుట్టినదానికి అంతకన్నా తగిన పేరు మాకు తోచదు.

దాని మొదటి ఉపకులపతి డాక్టర్ జి. రాంరెడ్డి గారు. కరీంనగర్ జిల్లా వారు, ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఆచార్యులు, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసినవారు. అంతకుముందు ఉస్మానియాకు ఉపకులపతి. ఉస్మానియా అంతటి దాన్ని నడిపినాయన, పేరు తప్ప ఏమీ లేని కొత్త సంస్థకు వెళ్ళారంటే ఆయన ఆలోచన ఏమిటో ఊహించుకోవచ్చు. పంచాయతీల మీద పనిచేసిన మనిషి గనక, అధికారం ఊరికి వెళ్ళాలన్నట్టే చదువూ ఊరికి వెళ్ళాలని ఆయనకు తోచి ఉంటుంది. తరవాత ఢిల్లీలోని జాతీయ ఓపెన్ యూనివర్సిటీకి కూడా మొదటి ఉపకులపతి ఆయనే. ఆ పైన కెనడాలో వాంకూవరులోని కామన్‌వెల్త్ ఆఫ్ లెర్నింగ్‌లో ఉపాధ్యక్షులై, 1991 నుంచి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషనుకు అధ్యక్షులుగా ఉండి, 1995లో కాలం చేశారు. ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఇంతకీ ఈ ఓపెన్ చదువు ఎలా నడుస్తుందో మనలో చాలామందికి తెలియదు. తెలియకనే తేలిక మాట వస్తుంది. అంబేద్కర్ విశ్వవిద్యాలయం చేసిన మొదటి పని ఇంటరు అడ్డును తొలగించడం. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు, ఇంటరు లేకపోయినా, అర్హత పరీక్ష ఒకటి రాసి బి.ఏ.లోనో బి.కాం.లోనో చేరే వీలు కల్పించారు. ఏడో తరగతితో ఆపేసి పెళ్ళిచేసుకున్న అమ్మాయికి, ఆర్.టి.సి. కండక్టరుకి, పదో తరగతి తప్పి పొలం పనిలో పడ్డవాడికి అది పెద్ద కిటికీ. నీకేం రాదు అని చెప్పే కాయితాన్ని పక్కనబెట్టి, ఏం వచ్చునో రాసి చూపించమన్నారన్నమాట.

ఇక రెండోది పాఠం. తరగతిలో మేష్టారు చెప్పే పాఠం వేరు, ఒంటరిగా చదువుకునేవాడికి రాసే పాఠం వేరు. ఎదురుగా మేష్టారుంటే అర్థం కానప్పుడు మొహం చూసి మళ్ళీ చెబుతారు. పుస్తకం మొహం చూడలేదు. అందుకని ఈ పాఠాలను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఈ భాగం చదివాక నీకేం తెలియాలో ముందే చెప్పి, మధ్య మధ్య ప్రశ్నలు వేసి, జవాబు సరిచూసుకునే ఏర్పాటు చేస్తారు. ఒకరు రాస్తారు, మరొకరు విషయం సరిచూస్తారు, ఇంకొకరు భాష దిద్దుతారు. అందువల్ల ఒక్కో పాఠం తయారవడానికి ఖర్చు బాగానే అవుతుంది. కాని ఒకసారి తయారైతే వెయ్యిమందికి అచ్చువేసినా యాభై వేలమందికి అచ్చువేసినా పెరిగేది కాగితం, సిరా, పోస్టు ఖర్చే. పేదదేశాలకు ఈ పద్ధతి కలిసి రావడంలో ఉన్న అసలు గుట్టు ఇది. కాలేజీ కడితే రెండో వెయ్యిమందికి రెండో కాలేజీ కట్టాలి. పాఠం రాస్తే రెండోసారి రాయనక్కరలేదు.

భవనాల సంగతీ అంతే. ఊరూరా కొత్తవి కట్టకుండా, ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టారు. వారమంతా రెగ్యులర్ పిల్లలు కూర్చున్న బెంచీల మీదే ఆదివారం వీళ్ళు కూర్చుంటారు. ఆ కాలేజీ లెక్చరర్లే వచ్చి సందేహాలు తీరుస్తారు. బి.ఎస్సీ. వాళ్ళకు ప్రాక్టికల్సు అక్కడి ల్యాబులోనే. రేడియో పాఠాలూ ఉండేవి, ఆ తరవాత టి.వి. పాఠాలూ వచ్చాయి. ఆదివారం పొద్దున ఊళ్ళో కాలేజీ గేటు దగ్గర చూస్తే చంకలో పిల్లతో వచ్చిన తల్లి, యూనిఫాం విప్పి వచ్చిన కానిస్టేబులు, జుట్టు నెరిసిన గుమాస్తా ఒకే వరసలో కనిపిస్తారు. రెగ్యులర్ కాలేజీలో ఇలాంటి వరస మనమెన్నడూ చూసి ఎరుగం. చర్లపల్లి జైల్లో శిక్ష అనుభవిస్తూ ఈ విశ్వవిద్యాలయం డిగ్రీ పుచ్చుకున్న ఖైదీలున్నారు.

అన్నిటికన్నా మాకు గొప్పగా తోచేది ఆ తెలుగు పుస్తకాలు. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, చరిత్ర, ప్రభుత్వ పాలన వంటి వాటిని డిగ్రీ స్థాయిలో ఒంటరి పాఠకుడికి అర్థమయ్యేలా తెలుగులో రాయించడం చిన్న పని కాదు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి పారిభాషిక పదాలు, పాఠ్యపుస్తకాలు తయారుచేయడం మొదలైంది. ఓపెన్ యూనివర్సిటీ ఆ పనిని ఊరి వాకిట దాకా తెచ్చింది. ఇందులో తమాషా ఏమిటంటే, రెగ్యులర్ కాలేజీల్లో చదివి 'ఓపెనేనా' అని పెదవి విరిచిన కుర్రాళ్ళు గ్రూప్ వన్, గ్రూప్ టూ పరీక్షలకు కూర్చునేటప్పుడు మటుకు ఈ అంబేద్కర్ పుస్తకాల కోసమే వెతుక్కుంటారు. పుస్తకం పనికొస్తుందట, డిగ్రీ పనికిరాదట!

ఇదేదో మన పేదదేశాల సర్దుబాటు అనుకునేవాళ్ళు మనమున్న ఈ దేశం సంగతి చూడాలి. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 1911లో తలుపులు తెరిచినప్పటి నుంచే దూరాన ఉన్నవాళ్ళకు పోస్టులో పాఠాలు పంపింది. మన న్యూ సౌత్ వేల్సులోనే, ఆర్మిడేల్‌లోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం 1955 నుంచి బయటి విద్యార్థులను చేర్చుకుంటోంది. పొరుగిల్లు వంద మైళ్ళ దూరంలో ఉండే పశువుల స్టేషన్ల పిల్లలకు ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి 1951లో రేడియో బడి మొదలుపెట్టారు. ఫ్లయింగ్ డాక్టర్ల రేడియో మీదనే ఆ పాఠాలు. ఆ బడిలో చదివిన పిల్లవాణ్ణి చూసి ఇక్కడెవరైనా "రేడియో బడేనా" అంటారా? బ్రిటనులో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో రాజశాసనం వచ్చింది, 1971లో పాఠాలు మొదలయ్యాయి. హెరల్డ్ విల్సన్ అనుకున్న ఆ పథకాన్ని పట్టుబట్టి సాధించినది జెన్నీ లీ అనే గని కార్మికుడి కూతురు. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా లా పట్టా పొందింది కూడా పోస్టులో పాఠాలు పంపే విశ్వవిద్యాలయం నుంచే, అదీ జైల్లో ఉండగా.

పోనీ, మన పక్కింటివాళ్ళనే అడగండి. ఈ పడమటి సిడ్నీలో ఫిజీ నుంచి వచ్చిన భారతీయులు ఎందరో ఉన్నారు. వాళ్ళలో మద్రాసు ఓడల్లో వెళ్ళిన తెలుగువాళ్ళ మనవలూ ఉన్నారు. సువాలోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం 1968లో మొదలైంది. పన్నెండు ద్వీపదేశాలకు కలిపి ఒకటే విశ్వవిద్యాలయం. సముద్రం మధ్యలో చుక్కల్లా ఉన్న దీవుల పిల్లలందరూ సువాకు ఓడెక్కి రాలేరు గనక, అదీ పాఠాలను దీవులకు పంపే పద్ధతే పట్టింది. టోంగాలో గుమాస్తాకీ, ప్రకాశం జిల్లాలో అంగన్‌వాడీ టీచరుకీ ఉన్న ఇబ్బంది ఒకటే. కాలేజీ దగ్గరకు మనిషి రాలేకపోతే మనిషి దగ్గరకు కాలేజీ వెళ్ళాలి.

ఇక లోపాల మాట. లోపాలు లేవని మేము వాదించడం లేదు. చేరినవాళ్ళలో చాలామంది పూర్తిచెయ్యరు. రెగ్యులర్ కాలేజీలో మానేద్దామన్నా స్నేహితులు లాక్కుపోతారు. ఇక్కడ పుస్తకం అటక మీదికి చేరితే అడిగే నాథుడు లేడు. పొద్దంతా పనిచేసి వచ్చి రాత్రి పదింటికి గణాంకశాస్త్రం ముందేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో మనమే ఊహించుకోవాలి. పుస్తకాలు ఆలస్యంగా చేరడం, ఫలితాలు ఆలస్యం కావడం అనే ఫిర్యాదులూ పాతవే. 2014లో రాష్ట్రం విడిపోయాక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉండిపోయి, ఆంధ్రప్రదేశ్ విద్యార్థుల వ్యవహారం రెండు ప్రభుత్వాల మధ్య తెమలని లెక్కల్లో ఒకటైంది. పెద్దల లెక్కలు తేలేదాకా పిల్లల పరీక్షలు ఆగవు కదా.

అంతకన్నా పెద్ద చీడ మరొకటి. 'ఒకే సిట్టింగులో డిగ్రీ' అని మన ఊళ్ళలో కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాలు చూసే ఉంటారు. డబ్బు తీసుకుని, ఎక్కడో దూర రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరుతో కాయితం చేతిలో పెట్టే దుకాణాలవి. 'ఓపెన్' అన్న మాటకు చెడ్డపేరు తెచ్చింది ఈ దుకాణాలేగాని, ఆదివారం బెంచీ మీద కూర్చున్న ఆ తల్లి కాదు. కోర్టులు కూడా గట్టిగానే మాట్లాడాయి. మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా తీసుకున్న ఎం.ఏ. చెల్లదని సుప్రీం కోర్టు 2009లో చెప్పింది. అనుమతి లేకుండా డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీల మీద 2017 నవంబరులో తీర్పిచ్చింది. ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు కూడా మళ్ళీ పరీక్ష రాయవలసి వచ్చింది. మోసం చేసినవాళ్ళ కన్నా నమ్మి చేరినవాళ్ళకే ఎక్కువ దెబ్బ తగలడం మాకు బాధగా ఉంది.

అదే సమయంలో, సరైన గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో తీసుకున్న డిగ్రీని రెగ్యులర్ డిగ్రీతో సమానంగా చూడాలని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. కనుక ఓపెనా, రెగ్యులరా అని అడగడం కన్నా గుర్తింపు ఉందా, లేదా అని అడగడం న్యాయం.

ఇంత రాయడానికి కారణం ఉంది. దేశంలో మనవాళ్ళ చదువుల నిర్ణయాల్లో మన మాటకు, మనం పంపే డబ్బుకు, ఉండవలసినదానికన్నా ఎక్కువ విలువ ఉంది. సిడ్నీ బాబాయి "ఓపెన్ డిగ్రీ ఎందుకమ్మా, దండగ" అన్నాడంటే ఆ ఇంట్లో ఆ పిల్ల చదువు అక్కడితో సరి. ఆయన ఆ మాట అని ఫోను పెట్టేసి తన పని చూసుకుంటాడు. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఊరికి కాలేజీ ఇరవై మైళ్ళు, బస్సు రోజుకు రెండుసార్లు. ఆమెకు రెగ్యులర్ కాలేజీ, ఓపెన్ కాలేజీ అని రెండు దారులు లేవు. ఉన్నవి ఓపెన్ కాలేజీ, లేదా ఏమీ లేకపోవడం. మనం పోల్చవలసింది ఆ రెంటినే. మేనేజిమెంటు కోటా సీటుకు లక్షలు పంపడానికి వెనకాడని మనం, ఈ పిల్ల పరీక్ష ఫీజు దగ్గర ఎందుకు వెనకాడాలి?

డబ్బు పంపే ముందు మాత్రం కొన్ని ప్రశ్నలు అడగండి. ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి కమిషను గుర్తింపు ఉందా? సంస్థకు ఉండి కోర్సుకు లేని సందర్భాలున్నాయి. ఇంటరు లేకుండా చేరితే తరవాత ఉద్యోగాలకు, పై చదువులకు ఏ నిబంధనలున్నాయి? ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, లా వంటివి దూరవిద్యలో ఇస్తామని ఎవరైనా అంటే ఇక మాట్లాడనక్కరలేదు, ఫోను పెట్టెయ్యండి. స్టడీ సెంటరు నిజంగా ఏదైనా కాలేజీలో ఉందా, లేక బజార్లో మేడ మీద గదా? ఈ చివరి ప్రశ్నకు జవాబు కోసం ఎవరినైనా ఒకసారి అక్కడికి పంపి చూసి రమ్మనండి.

డబ్బు కన్నా పెద్ద సాయం మరొకటుంది. చేరినవాళ్ళు మానెయ్యడానికి కారణం చాలాసార్లు ఒంటరితనం. ఇంటర్నెట్టు వచ్చాక పాఠాలకు కొదవ లేదు. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే పథకం కింద ఎన్నో కోర్సులు ఉచితంగా పెట్టింది. కాని ఇంటికి ఒక్క ఫోనుంటే అది ముందు అన్నయ్య చేతిలో ఉంటుంది, ఆ తరవాతే చెల్లెలి చేతికి వస్తుంది. 2020లో కోవిడ్ రోజుల్లో బళ్ళు మూసినప్పుడు ఈ సంగతి అందరికీ అర్థమైంది. అంచేత ఆ అమ్మాయి పేరు చెప్పి, ఆమెకే అని చెప్పి, ఒక ఫోను కొనిపెట్టండి. ఆ పైన నెలకు రెండుసార్లు మీరే ఫోను చెయ్యండి. "ఏ పాఠంలో ఉన్నావమ్మా, అసైన్‌మెంటు పంపావా" అని అడిగే గొంతు ఒకటుంటే ఎంతోమంది పుస్తకం అటక ఎక్కించరు. గుంటూరులో పొద్దున పదింటికి క్లాసంటే మనకు మధ్యాహ్నం రెండున్నర, గడియారం ముందుకు జరిపిన నెలల్లో మూడున్నర. ఆమె క్లాసు నుంచి తిరిగి వచ్చేసరికి మనం సాయంత్రం కాఫీ తాగుతూ ఉంటాం. ఆ వేళ మాట్లాడడం కష్టం కాదు.

చివరగా మన ఇళ్ళ సంగతి. పెళ్ళయి ఇక్కడికి వచ్చి, సగంలో ఆగిన డిగ్రీని సూట్‌కేసు అడుగున దాచుకున్న అక్కచెల్లెళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. పిల్లలు బడికి పోయాక మూడింటి దాకా ఉన్న సమయమే వాళ్ళది. ఈ దేశంలో 1993 నుంచి ఓపెన్ యూనివర్సిటీస్ ఆస్ట్రేలియా అనే ఏర్పాటు నడుస్తోంది. పలు విశ్వవిద్యాలయాల సబ్జెక్టులను ఇంటి నుంచే ఒక్కొక్కటిగా చదువుకోవచ్చు. ఫీజుకు ప్రభుత్వ అప్పు ప్రధానంగా పౌరసత్వం ఉన్నవాళ్ళకే గనక, వీసా సంగతి చూసుకుని చేరాలి. ఇంటి నుంచి చదవడం కుదరదనుకునేవారికి మన నిరింబాలోనే టేఫ్ ఉంది. ఒకప్పుడు అది నౌకాదళం తన కుర్రాళ్ళకు పనులు నేర్పిన స్థావరం. 1994లో మూతపడ్డాక ఆ స్థలం విద్యాసంస్థలకు వచ్చింది. మన ఇళ్ళ నుంచి కారులో ఐదారు నిమిషాలు.

వచ్చే నెల సమావేశానికి, దేశంలో మీవాళ్ళెవరైనా ఓపెన్ పద్ధతిలో చదువుతుంటే వాళ్ళ కోర్సు, స్టడీ సెంటరు ఊరు, కావలసిన పుస్తకాలు ఒక కాగితం మీద రాసి తీసుకురండి. పుస్తకాలు కొని పంపడానికి చందా వేసుకుందామని కొందరు ముందుకొచ్చారు. పేర్లు బయటపెట్టం. ఫీజు వివరాలు కూడా రాస్తే మేలు.